బ్రేక్ ఆయిల్ డబ్బాలో మారిస్తే మారినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ వాహనాల పేజీలో 'ఇంట్లోనే పది నిమిషాల్లో బ్రేక్ ఆయిల్ మార్పు' అని ఒక చిన్న బాక్స్ వేశారు. బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, సూది లేని సిరంజితో పాతది లాగేసి, కొత్తది మాక్స్ గీత దాకా పోస్తే అయిపోయినట్టే అని రాశారు. అది చదివి మా గల్లీలో ఇద్దరు అప్పుడే సిరంజీలు కొనుక్కొచ్చారు, తెచ్చి నాకు చూపించారు కూడా. అందుకే ఈ ఉత్తరం. రాసినాయనను తప్పుపట్టాలని కాదు గానీ, సగం పని చెప్పి మొత్తం అయిపోయిందన్నారు. ఆ మిగిలిన సగం జరగనందుకే నేను ఒకసారి ఇంటిల్లిపాదినీ బండిలో పెట్టుకుని ప్రాణాలు అరచేతిలో పట్టుకుని ఘాట్ దిగాను.

నాది పదేళ్ల చిన్న కారు. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయొచ్చాం. పస్రా దాటిన దగ్గర్నుంచి ఎడ్లబండి కన్నా మెల్లగా, అడుగుకోసారి బ్రేకు తొక్కుతూ పోవడం ఎట్లుంటదో మన దిక్కువాళ్లకు చెప్పక్కర్లేదు. రాగానే బండిని సర్వీసింగుకు ఇచ్చి, బ్రేక్ ఆయిల్ కూడా మార్చమన్నాను. సాయంత్రం పోతే ఆ తమ్ముడు "కొత్తదే పోసిన సార్, చూడుండ్రి" అని మూత తీసి చూపించాడు. తేనెలాగా తేటగా ఉంది. బిల్లులో ఆయిల్‌కు వేరే, పనికి వేరే వేశాడు, అడక్కుండా ఇచ్చి వచ్చాను.

అదే ఏడాది ఆగస్టులో బిడ్డ, అల్లుడు, మనవడు వస్తే కుంటాల జలపాతం చూపిద్దామని పోయాం. తిరుగు ప్రయాణంలో నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగుతున్నాం. నేను నాలుగో గేరులోనే ఉండి, బ్రేకు మీద కాలు తీయకుండా దిగుతున్నాను, అది నా తప్పే, ఒప్పుకుంటున్నా. సగం దిగేసరికి పెడల్ మెత్తబడింది. నానబెట్టిన అటుకుల మీద కాలు పెట్టినట్టు లోపలికి పోతోంది తప్ప బండి ఆగట్లేదు. వెనక సీట్లోంచి బిడ్డ "బాపూ, ఏమైంది?" అంటోంది, నా నోట్లోంచి మాట రావట్లేదు. గేర్లు ఒక్కొక్కటే దించుకుంటూ రెండులోకి తెచ్చి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ ఎట్లనో పక్కకు తీసి ఆపాను.

అసలు విచిత్రం ఆ తర్వాత ఉంది. అరగంట ఆగి తొక్కి చూస్తే పెడల్ రాయిలాగా గట్టిగా ఉంది! నిర్మల్‌లో ఒక మెకానిక్‌కు చూపిస్తే నాలుగుసార్లు తొక్కి "ఏం కాలే సార్, మంచిగనే ఉంది" అన్నాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, చల్లారాక నిజంగానే మంచిగ ఉంటుంది. నేను ఇంటికొచ్చేదాకా ఎక్కడా ముప్పై దాటలేదు, రెండు రోజులు నిద్రపట్టలేదు.

నేను కాజీపేట లోకో షెడ్డులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైనవాణ్ణి. రైలు బ్రేకు గాలితో పనిచేస్తుంది, బ్రేక్ పైపులో 5 కేజీల ప్రెషర్ ఉండాలి, పైపు ఎక్కడ తెగినా గాలి పోయి బ్రేకు దానంతటదే పడుతుంది, బండి ఆగిపోతుంది. కారు దానికి పూర్తిగా ఉల్టా. ఇక్కడ గొట్టంలో గాలి గానీ ఆవిరి గానీ దూరితే బ్రేకు పోయినట్టే, ఎందుకంటే ద్రవం నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. మనం తొక్కిన బలమంతా ఆ బుడగను నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా పోదు. ఇన్నేళ్లు బ్రేకుల మధ్యనే బతికిన నాకు నా సొంత కారులో ఇది తట్టకపోవడం సిగ్గుగానే అనిపించింది.

మనం ఆయిల్ అంటాం గానీ అది నూనె జాతి కాదు, గ్లైకాల్ రకం ద్రవం. ఉప్పు తేమను పీల్చినట్టు గాలిలోని నీటిని పీల్చుకుంటుంది, మూత బిగించి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం ఎక్కుతూనే ఉంటుంది. డాట్ 3 అని డబ్బా మీద రాసి ఉండేది కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక 140 డిగ్రీలు తట్టుకుంటే చాలు, ప్రమాణం అంతే. డాట్ 4 అయితే అవే లెక్కలు 230, 155. ఘాట్‌లో కాలు తీయకుండా బ్రేకు వేస్తే చక్రం దగ్గర ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. మరిగితే ఆవిరి బుడగలు, చల్లారితే ఆ ఆవిరి మళ్లీ ద్రవం. నిర్మల్‌లో పెడల్ గట్టిపడింది అందుకే.

మరి కొత్తది పోసినా ఎందుకు మరిగిందంటారా? ఇదే మీ బాక్స్‌లో లేని సగం. ఇంజన్ ఆయిల్ తిరుగుతూ ఉంటుంది, బ్రేక్ ఆయిల్ తిరగదు. ఒక చివర బానెట్ కింద డబ్బా, ఇంకో చివర చక్రం, మధ్యలో సన్నటి గొట్టం. తొక్కితే రవ్వంత ముందుకు జరుగుతుంది, వదిలితే అంతే వెనక్కి వస్తుంది. డబ్బాలో ఎంత కొత్తది పోసినా చక్రం దగ్గర ఉన్న పాతది ఉన్నచోటే ఉంటుంది, వేడి తగిలేది కూడా అక్కడే. నాకు చూపించిన ఆ తేనె రంగు పైపై మెరుపే.

ఆ నెలలోనే ఇంటి ముందు నేనే మొదలుపెట్టాను, తోడుగా మా ఆవిడ. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు, అది ముందే చెప్పాలి. ఒకరు పెడల్ మీద, ఒకరు చక్రం దగ్గర. కావలసింది మీ మాన్యువల్ చెప్పిన రకం ఆయిల్ ఒక లీటరు, అదీ సీలు తీయనిది, రింగు పానాలు (మా బండికి ముందు 10, వెనక 8 నంబరు), అక్వేరియానికి వాడే సన్నని పారదర్శకమైన పైపు, ఒక ఖాళీ బాటిల్. అన్నీ కలిపి అయిదు వందలు దాటలేదు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద తల పెట్టొద్దు, ఇటుకలు అసలే పెట్టొద్దు, బరువుకు పటుక్కున పగులుతాయి. ఎత్తిన బండిని మోసే ఇనుప స్టాండ్లు లేకపోతే అడిగి తెచ్చుకోండి, నేను అలాగే తెచ్చుకున్నా.

మన బండ్లకు స్టీరింగ్ కుడివైపు, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టేది) కూడా అటే ఉంటుంది కాబట్టి అన్నిటికన్నా దూరం వెనక ఎడమ చక్రం. మా బండికి అక్కడినుంచే మొదలు. కొన్ని బండ్లకు వరుస వేరే ఉంటుంది, అందులో మాన్యువల్ మాటే వినాలి. చక్రం విప్పి చూస్తే గాలి తీసే నిపుల్ మీద రబ్బరు టోపీ, టోపీ మీద ఎర్రమట్టి పొర, గోరుతో గీకితే తప్ప రానంత. ఎన్నేళ్ల మట్టో! ఆ టోపీ కదిలించిన మనిషి లేడని అప్పుడే అర్థమైంది. నిపుల్ తుప్పుపట్టి ఉంటే బలం పెట్టొద్దు, విరిగితే ఖర్చు ఎక్కడికో పోతుంది. నేను ముందు రాత్రే తుప్పు వదిలే స్ప్రే కొట్టి ఉంచాను, పొద్దున మెల్లగా తిరిగింది.

పైపు తగిలించి, రెండో చివర బాటిల్‌లో ముంచి, ఇంజన్ ఆపేసి, "తొక్కు" అన్నాను. ఆవిడ తొక్కి "తొక్కిన" అనాలి, అప్పుడు నేను నిపుల్ పావు తిప్పు వదలాలి, ఆయిల్ రావాలి, నేను బిగించి "వదులు" అన్నాకే కాలు తీయాలి. ఈ మూడు మాటలే పని మొత్తం. పెడల్ పూర్తిగా నేలకు తగలకుండా కింద ఒక చెక్క ముక్క పెట్టాను, ఎందుకంటే పాత మాస్టర్ సిలిండర్‌లో ఎప్పుడూ తిరగని చోటికి రబ్బరు సీలు పోతే కోసుకుపోయే ప్రమాదం ఉంది. మొదటి తొక్కుడుకు వచ్చింది చూడాలి, హోటల్లో పొద్దుటినుంచి మరిగిన చాయ్‌లో ఆఖరి గ్లాసు రంగు. పైన డబ్బాలో తేనె, కింద ఈ నల్ల చాయ్, రెండూ ఒకే గొట్టానికి రెండు చివరలు.

రెండో చక్రం దగ్గర నిపుల్ తెరిచి ఉండగా ఆవిడ ఫోను మోగింది. కాలు తీసేసింది. బుడుబుడుమని పైపులోంచి గాలి వెనక్కి లాక్కుంది. "గట్లెందుకు తీసినవే" అంటే "మా చెల్లె ఫోను, ఎత్తకుంటే ఊకుంటదా" అంది. ఆ చక్రం మళ్లీ మొదటినుంచి చేశాం. ఇంకో సంగతి, నాలుగైదు తొక్కుళ్లకోసారి డబ్బా చూసి పోస్తూ ఉండాలి, మిన్ గీత కిందికి పోనిస్తే పైనుంచి గాలి దూరుతుంది. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లకైతే మరీ జాగ్రత్త, 2019 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త కార్లన్నిటికీ అది ఉంది. ఆ యూనిట్లోకి గాలి పోతే పెడల్ తొక్కి తీయడం కుదరకపోవచ్చు, బండి కంప్యూటర్‌కు స్కానర్ తగిలించి దాని మోటారు తిప్పాల్సి రావచ్చు. డబ్బా ఖాళీ కానివ్వం అనే నమ్మకం లేనివాళ్లు ఈ పని ముట్టుకోవద్దు.

రంగు మీద ఒక చుక్క పడినా పెయింట్ లేచిపోతుంది, బకెట్ నీళ్లు పక్కనే పెట్టుకుని వెంటనే కడగాలి. ఆయిల్ దొరకలేదని ఇంజన్ ఆయిల్ పోసినవాళ్లను నేను చూశాను, లోపలి రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోయి మొత్తం మార్చుకున్నారు. మిగిలిన పావు లీటరు దాచుకోవాలని నాకూ అనిపించింది, కానీ సీలు తీసిన డబ్బా అటక మీద కూర్చుని నీరే తాగుతుంది. అది విషం కూడా, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెడితే పిల్లలు తాగుతారు. పాతదీ మిగిలినదీ మూత బిగించి, మీద రాసి, సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేశాను, మోరీలో పోయలేదు. ఆఖరికి నాలుగు నిపుళ్లూ గుడ్డతో తుడిచి తడి ఉందేమో చూసి, పెడల్ గట్టిగా ఉందని తేల్చుకున్నాకే గల్లీలో మెల్లగా తిప్పాను.

అందరూ ఇంట్లోనే చేయాలని నేను అనను. షాపులో చేయిస్తే తప్పేం లేదు, కాకపోతే నాలుగు చక్రాల దగ్గరా నిపుల్ విప్పారా లేదా నిలబడి చూడండి, చూడటం కుదరకపోతే ఇంటికొచ్చాక ఆ రబ్బరు టోపీల మీద మట్టి ఉందేమో చూడండి. చాలా బండ్ల మాన్యువల్‌లో రెండేళ్లకోసారి మార్చమని ఉంటుంది, మేడారం జాతర కూడా రెండేళ్లకే కదా, మా ఇంట్లో ఇప్పుడు అదే లెక్క, జాతరకు పోయేముందే ఈ పని.

వచ్చే ఆదివారం అదే పేజీలో అదే సైజు బాక్స్‌లో ఈ మిగతా సగం వేయండి. వేసేటప్పుడు 'పది నిమిషాలు' అన్నది మాత్రం తీసేయండి, మా ఇద్దరికీ రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది, అదీ మా మరదలి ఫోను తీసేసి లెక్కేస్తేనే.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ రైల్వే ఉద్యోగి,
కాజీపేట