పచ్చ చుక్క ఎక్కడ పడుతోందో ముందు చూడు నాయనా

కావలి,
ఆదివారం.

చిరంజీవి నాయనకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మీ నాన్న, నేను క్షేమం.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పినదీ, నేను చెప్పినదీ సగం సగం తెగిపోయాయి. నీ మోటారు సైకిలు కూలెంటు కారి వేడెక్కుతోందనీ, బ్యాటరీకి ఛార్జి ఎక్కక ఆగిపోతోందనీ, దానికి రేడియేటరు, కాయిల్ ప్లేటు (ఇంజను తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది), రెక్టిఫయరు (ఆ కరెంటును బ్యాటరీకి తగినట్టు మార్చి అదుపు చేసేది), బ్యాటరీ నాలుగూ మార్చాలనీ, 18,000 రూపాయలవుతుందనీ అక్కడి మెకానిక్కు అన్నాడని నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు మనసు నిలవలేదు. డబ్బు సంగతి ఒకటి ఉండనే ఉంది. అంతకన్నా, నాలుగు సామాన్లు మార్చాక కూడా ఆ బండి నెల తిరక్కుండా మళ్లీ అలాగే ఆగిపోతుందేమోనని నా అనుమానం. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఈ కాగితం బండి దగ్గర పెట్టుకొని పని చేసుకో.

నువ్వు పంపిన ఫొటోలను మన మోటారు వైండింగు అంగట్లో వెలుతురుకు పెట్టి చూశాను. మూడో ఫొటోలో రేడియేటరు పై హోస్ పైపుకు వేసిన క్లిప్పు దగ్గర తెల్లగా, పచ్చగా పొడి లాంటిది పేరుకొని ఉంది. అక్కడి నుంచి ఒక సన్నటి చార ఫ్రేము గొట్టం వెంబడి దిగి, ఇంజను లోపలి నుంచి వచ్చే మూడు పసుపుపచ్చ తీగలు రెక్టిఫయరు తీగలతో కలిసే కప్లరు (తీగలను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) మీద ఆగింది. ఆ కప్లరు ఒక మూల గోధుమరంగుకు తిరిగి ఉంది. నువ్వు రేడియేటరు కోసం తీసిన ఫొటోలో అది పక్కన పడింది కాబట్టి నీ కంటికి ఆనలేదు. ఇరవై ఏళ్లుగా కాలిన టెర్మినళ్లు చూస్తున్న నా చూపు మాత్రం నేరుగా అక్కడికే పోయింది.

రేడియేటరులో తిరుగుతూ ఇంజనును చల్లార్చే ఆ పచ్చ కూలెంటులో నీళ్లు, గ్లైకాలుతో పాటు లోహం తినకుండా కాపాడే మందులు కూడా కలిసి ఉంటాయి. ఇంజను లోపల మేలు చేసే ఆ ద్రవమే కప్లరులోకి దిగి ఆరిపోతే పిన్నులకు చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట కరెంటుకు అడ్డు, అడ్డు ఉన్న చోట వేడి. 10 ఆంపియర్లు పారే చోట పావు ఓము అడ్డు ఉన్నా 25 వాట్ల వేడి పుడుతుంది. మన అంగట్లో ఉన్న చిన్న సోల్డరింగ్ ఐరన్ కూడా 25 వాట్లదే. అంటే నీ కప్లరులో ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టుకొని నువ్వు రోజూ కొత్తపట్నం చెరువులకు పోయి వస్తున్నావన్నమాట. అక్కడ అంత వృథా అయ్యాక బ్యాటరీకి చేరేది తక్కువ. బ్యాటరీ నీరసిస్తే రేడియేటరు ఫ్యాను ఈడ్చుకుంటూ తిరుగుతుంది, ఫ్యాను సరిగా తిరగకపోతే ఇంజను వేడెక్కి లోపలి ఒత్తిడి పెరుగుతుంది, పెరిగిన ఒత్తిడికి ఆ వదులు క్లిప్పు దగ్గర కూలెంటు ఇంకాస్త కారి మళ్లీ కప్లరు మీదే పడుతుంది. నువ్వు రెండు జబ్బులని చెబుతున్నవి ఒకదాన్నొకటి పెంచుకుంటున్నాయని నేను అనుకుంటున్నాను.

నీకు గుర్తుందో లేదో, నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రొయ్యల చెరువు రైతు ఏరేటరు (చెరువు నీటికి గాలి పట్టించేది) మోటారును మూడుసార్లు తెచ్చాడు. మొదటిసారి డబ్బు తీసుకొని, కాలిన కాయిళ్లను కొత్త తీగతో చుట్టాను, రెండోసారి మాట పడి ఉచితంగా చుట్టాను. మూడోసారి మూత తీసి చూస్తే మూడు ఫేజుల్లో (మూడు తీగల కరెంటులో) రెండింటి కాయిళ్లు నల్లగా మాడిపోయి, మూడోది నేను చుట్టినప్పటి రంగులోనే ఉంది. మూడు కాయిళ్ల చివర్లూ ఒకచోట కలిపే స్టార్ కనెక్షను మోటారులో అలా కనిపించిందంటే ఒక ఫేజు కరెంటు రావడం లేదని అర్థం. మీ నాన్న చెరువు గట్టుకు పోయి స్టార్టరు (మోటారు స్విచ్చు పెట్టె) విప్పితే ఉప్పుగాలికి ఒక కాంటాక్టు తినేసి ఉంది. మొదటిసారే అది చూసి ఉంటే నా చాకిరీ తప్పేది. అందుకే కాయిలు కాలిందనగానే కాయిలు కొనడం నాకు నచ్చదు.

ఇక పనిలోకి దిగు. ముందు కూలెంటు సంగతి చూడాలి, ఎందుకంటే పైనుంచి చుక్క పడుతూ ఉండగా కింద కప్లరు బాగుచేసి ప్రయోజనం లేదు. బండి రాత్రంతా ఆగి పూర్తిగా చల్లబడ్డాకనే రేడియేటరు మూత మీద చేయి వెయ్యి. ఆ మూత మన కుక్కరు వెయిట్ లాంటిది. దాని మీద 1.1 అని ఉంటే లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా 1.1 బార్ (అంటే దాదాపు ఇంకో అంత) ఎక్కువయ్యేదాకా పెరగనిస్తుందని అర్థం. 100 డిగ్రీలకు మరగాల్సిన నీళ్లు ఆ ఒత్తిడిలో 120 డిగ్రీలు దాటితే గాని మరగవు. వేడి మీద మూత తిప్పావంటే అదంతా ఒక్కసారిగా పొంగి ముఖం మీదికి లేస్తుంది. మీ నాన్న మోచేతి మీది మచ్చ ఒక జనరేటరు రేడియేటరు చేసిన పనే.

బండిని నీళ్లతో కడిగి ఆరనిచ్చి, అనుమానం ఉన్న ప్రతి అతుకు మీదా ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లు. కింద పాత దినపత్రిక పరిచి, ఫ్యాను తిరగడం మొదలై ఆగేదాకా ఇంజను నడిపి ఆపేయి. తడి తగిలిన చోట పౌడరు ముద్దవుతుంది. చల్లారాక ఒకసారి, మరునాటి ఉదయం ఇంకోసారి చూడు. కొన్ని అతుకులు వేడి మీద బిగిసి, రబ్బరు చల్లబడి కుంచించుకున్నాకనే కారుతాయి. హోస్‌ను వేళ్లతో నొక్కితే గట్టిగా చెక్కలా ఉన్నా, చివర్లో పగుళ్లు కనిపించినా క్లిప్పు బిగించి లాభం లేదు, హోసే మార్చాలి. పన్నెండేళ్లు దాటిన రబ్బరు కాబట్టి పైదీ కిందదీ రెండూ మార్చడం మంచిదని నా అభిప్రాయం. కొత్తది తొడిగే ముందు గొట్టం అంచుకు పట్టిన తెల్లటి పెచ్చును ఎమరీ పేపరుతో సున్నితంగా తీసేయి. చాలామంది ఆ ఒక్క పని వదిలేసి క్లిప్పును మాత్రం విరిగేదాకా బిగిస్తారు.

వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. అది చెడి పడిన రంధ్రం కాదు, తయారీలోనే పెట్టింది. అక్కడ కూలెంటు చుక్క కనిపిస్తే పంపు లోపలి సీలు పోయిందని, నూనె కనిపిస్తే ఆయిల్ సీలు పోయిందని అది చెబుతుంది. దాన్ని ఎమ్‌సీల్‌తో మూసేసిన బండిని ఒకసారి చూశాను. బయటికి పోయే దారి లేక నీళ్లు ఇంజను ఆయిల్లో కలిసి, ఆయిలు పాలు పోసిన టీ రంగుకు తిరిగింది. నీ బండి ఆయిలు ఆ రంగులో ఉన్నా, చల్లటి ఇంజను స్టార్టు చేసి రేడియేటరు నోట్లోకి చూసినప్పుడు ఆగకుండా బుడగలు లేస్తున్నా బండి కదిలించకుండా నాకు చెప్పు. బుడగలైతే హెడ్ గాస్కెట్ (ఇంజను తలకూ సిలిండరుకూ మధ్య ఉండే బిళ్ల) పోయిందనుకోవాలి, అది నీ గదిలో అయ్యే పని కాదు.

లారీల వాళ్లు రేడియేటరు కారితే పసుపు పోస్తారు. నీ స్నేహితులు కూడా ఆ సలహా ఇచ్చే ఉంటారు. పెద్ద గొట్టాల రేడియేటరులో దారిలో గండం గడవడానికి అది పనికొస్తుందేమో గాని, నీ బండి రేడియేటరు గొట్టాలు సన్నటివి. కారే చోటు కంటే ముందు అవి పూడిపోతాయి. బోరు నీళ్లు అసలే పోయవద్దు. ఆ నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టడం నువ్వు చూసిందే. అదే పెచ్చు ఇంజను లోపల కడితే వేడి బయటికి రాదు. కలిపి అమ్మే కూలెంటు తెచ్చుకో, లేదా గాఢమైనది కొని బ్యాటరీ అంగట్లో దొరికే డిస్టిల్డ్ వాటరు సగానికి సగం కలుపు. పాతదాని మీద వేరే రకం పోయకుండా మొత్తం దింపేయి. నింపేటప్పుడు మూత తీసే ఉంచి, ఇంజను నడుపుతూ బండిని రెండు పక్కలకూ మెల్లగా వంచితే లోపలి గాలి బయటికి వచ్చి మట్టం దిగుతుంది. దిగినకొద్దీ పోసి మూత వెయ్యి. మూత రబ్బరు వాషరు గట్టిపడి ఉంటే మూతా మార్చు, అది చిన్న ఖర్చే. దింపిన కూలెంటు తియ్యగా ఉంటుంది, విషం. మీ వీధి కుక్కలకూ పిల్లులకూ అందకుండా సీసాలో పోసి మూతపెట్టు.

ఇప్పుడు నా పని, అంటే కరెంటు సంగతి. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు విప్పి, ఆ కప్లరు ఊడదీసి చూడు. పిన్ను నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉంటే గీకి మళ్లీ తగిలించవద్దు. కోసేసి, మంచి రాగి కనిపించేదాకా తీగ వెనక్కి ఒలిచి, కొత్త కప్లరు పిన్నులు నొక్కించు. దొరక్కపోతే మూడు అతుకులూ ఒకే చోట రాకుండా ముందూ వెనకా పెట్టి సోల్డరింగ్ చేసి, స్లీవు ఎక్కించి, అదురుకు ఊగకుండా ఫ్రేముకు కట్టు. మెలిపెట్టి టేపు చుట్టడం మన ఇంట్లో నేర్పిన పని కాదు. ఆ మూడు తీగల్లో ఏది దేనికి కలిపినా ఫరవాలేదు. మోటారుకు రెండు ఫేజులు మారితే వెనక్కి తిరుగుతుంది గాని, ఇక్కడ కాయిలు కరెంటు పుట్టిస్తోంది కాబట్టి వరస పట్టింపు లేదు.

కలిపే ముందే కాయిలు సంగతి తేల్చుకో. కప్లరు విప్పి ఉండగా మల్టీమీటరును ఓముల మీద పెట్టి మూడు తీగలను రెండేసి చొప్పున కొలువు. ఒక ఓము లోపే ఉంటుంది, మూడు జంటలూ సమానంగా ఉండాలి. ఒక్కొక్క తీగకూ ఇంజను లోహానికీ మధ్య మాత్రం ఏమీ చూపకూడదు. చూపితే కాయిలు ఎర్త్ అయినట్టు, అంటే లోపల ఇంజను లోహానికి తగిలినట్టు. తర్వాత ఇంజను స్టార్టు చేసి, మీటరును ఏసీ వోల్టులకు మార్చి, 5000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర మళ్లీ ఆ మూడు జంటలూ చూడు. నీ బండి లాంటి వాటికి 50 వోల్టుల పైన రావాలి, అయితే అంకె కన్నా మూడూ సమానంగా ఉన్నాయా అన్నదే నేను చూస్తాను. ఆ వోల్టులు చేతికి తగిలితే షాక్ కొడుతుంది, జాగ్రత్త.

కాయిలు బాగుంటే అన్నీ కలిపి బ్యాటరీ మీద డీసీ వోల్టులు చూడు. రాత్రంతా ఆగిన బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. 5000 ఆర్‌పీఎం దగ్గర 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే రెక్టిఫయరు అదుపు తప్పింది, దాన్ని మార్చక తప్పదు. 13 కూడా దాటకపోతే వెంటనే రెక్టిఫయరును నిందించవద్దు. హెడ్‌లైటు వేసి, ఇంజను నడుస్తుండగా మీటరు ఒక పుల్ల రెక్టిఫయరు పాజిటివ్ తీగ మీద, ఇంకో పుల్ల బ్యాటరీ పాజిటివ్ మీద పెట్టు. 0.2 వోల్టుల కన్నా ఎక్కువ చూపితే ఆ దారిలో ఇంకెక్కడో చిలుము దాగి ఉంది. ఎర్త్ వైపు కూడా అలాగే చూడు. ఉప్పుగాలి తిన్న ఎర్త్ బోల్టును విప్పి, కింద రంగు గీకి బిగించడంతోనే బాగుపడిన బళ్లు మీ నాన్న ఎన్నో చూశారు. 2017 ఏప్రిల్ తర్వాతి బళ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉంటుంది గాని నీది 2013 బండి, స్విచ్చు ఉంది కాబట్టి వేసీ ఆర్పీ రెండు రకాలుగా కొలవగలవు. బండి ముందు భాగాన నువ్వు తగిలించిన ఆ రెండు అదనపు దీపాలు మాత్రం ఈ పని అయ్యేదాకా ఊడదీసి ఉంచు. ఒక్కొక్కటి 55 వాట్లంటే రెండూ కలిసి 9 ఆంపియర్లు మింగుతాయి. నీ కప్లరు కాలడానికి వాటి వాటా కూడా ఉంది.

బ్యాటరీని అప్పుడే పారేయవద్దు. 8 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీని దాని పదో వంతు, 0.8 ఆంపియర్ల మీద నెమ్మదిగా ఛార్జి చేయించి, ఒక రాత్రి ఆపి కొలువు. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 వోల్టుల కిందికి పడిపోతే అది అయిపోయినట్టే, కొత్తది కొను.

ఒకవేళ కాయిలే పోయిందని తేలితే, ఎడమ పక్క కవరు ఆయిలు దింపి విప్పాలి, కొత్త గాస్కెటు కావాలి. ఆ ప్లేటును గుడ్డలో చుట్టి బస్సులో పంపు, నేను చుడతాను. తీగలు నువ్వు విప్పవద్దు. ఎన్ని చుట్లు, ఏ గేజు (తీగ మందం), ఏ వైపుకు తిప్పారో నేనే లెక్కపెట్టుకోవాలి. అక్కడ ఎవరైనా సబ్‌మెర్సిబుల్ మోటారు తీగతో చుట్టిస్తామంటే ఒప్పుకోవద్దు. దాని మీద ఉండేది పీవీసీ, నీళ్లలో చల్లగా ఉండే మోటారుకు అది చాలు. నీ కాయిలు కాగే ఇంజను ఆయిలులో తడుస్తూ ఉంటుంది. ఎక్కువ వేడికి తట్టుకునే హెచ్ క్లాసు ఎనామెల్ తీగ, ఆ ఆయిలుకు కరగని వార్నిష్ ఉండాలి. రెండూ తెప్పించి పెడతాను.

రోహిణి కార్తెలోపు ఇదంతా కావాలి. రోళ్లు పగిలే ఆ ఎండలో మధ్యాహ్నం పూట కొత్తపట్నం దారిలో బండి ఆగితే నీడకు చెట్టు కూడా దొరకదు. కొలిచిన అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు. ఫోనులో చెబితే మీ నాన్న 13.8ని 18.3 అని రాసుకుంటారు. కప్లరు కోసిన ముక్క పారేయకుండా నాకోసం దాచిపెట్టు.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ అమ్మ