స్టార్లు పేల్చే ట్యాబ్‌లు ఇక ఉండవు

పిల్లల్ని మన చెస్ క్లాసుకు పంపే తల్లిదండ్రులకు, సాయంత్రాలు వచ్చి ఆడుకునే పెద్దలకు నమస్కారం.

ఎంవీపీ కాలనీలోని మన గదిలో గోడవారన ఉండే ట్యాబ్‌ల వరస ఈ నెల నుంచి కనిపించదు. ఫీజులు, టైమింగులు, ఆదివారం పోటీలు అన్నీ మామూలే. ట్యాబ్‌లు పాడైతే బాగుచేయించడానికి డబ్బుల్లేక తీసేశానని ఎవరో అన్నట్టు నా చెవిన పడింది. పాడైన మాట నిజమే. తీసేసింది మాత్రం అందుకు కాదు.

అవి అమ్మినాయన మన ఊరివాడే. "కొత్తగా నేర్చుకునే పిల్లల కోసం మేమే తయారుచేసిన ప్రోగ్రాం సార్, తప్పు చేస్తే తెలుగులో చెబుతుంది" అని అడ్వాన్స్ పట్టుకెళ్ళాడు. తెలుగు వచ్చే అప్‌డేట్‌లో అన్నాడు, అది రానేలేదు. ఛార్జర్లు కాలిపోయాయని ఫోన్ చేస్తే "రేపు మనిషిని పంపిస్తా సార్" అనేవాడు. ఇప్పుడైతే ఎత్తడమే మానేశాడు. తీరా సెట్టింగుల్లో వెతికితే లోపల ఉన్నది స్టాక్‌ఫిష్! ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ప్రపంచంలోకెల్లా బలమైన చెస్ ప్రోగ్రాముల్లో అదొకటి, దానికి దణ్ణం పెడతాను. కానీ దానికే రంగులేసి, సొంత సరుకని చెప్పి, చెస్ నేర్పి బతికేవాడికే అమ్మడం ఉంది చూశారూ... సరే, వదిలేద్దాం. వదల్లేకపోతున్నాను, అది వేరే సంగతి.

అసలు సమస్య లెవెల్ దగ్గర వచ్చింది. స్టాక్‌ఫిష్‌లో స్కిల్ లెవెల్ 0 నుంచి 20 దాకా ఉంటుంది. తగ్గించినంత మాత్రాన అది కొత్తగా నేర్చుకునే మనిషిలా ఆడదు. మంచి ఎత్తులు లెక్కకట్టి, మధ్యలో కావాలనే ఒక నాసి ఎత్తు వేస్తుంది. అప్పటిదాకా మాస్టర్‌లా ఆడి, ఉన్నట్టుండి మంత్రిని, అదే క్వీన్‌ని, తెచ్చి మన బంటు నోటికి అందిస్తుంది. పిల్లలు కొట్టగానే స్క్రీన్ మీద స్టార్లు పేలతాయి. మూడో తరగతి పాప ఒకతి ఆదివారం ఇంకో పిల్లాడితో ఆడుతూ గుర్రాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చుంది. ఏంటమ్మా ఇది అంటే, "వాడింకా క్వీన్ ఇవ్వలేదు సార్" అంది.

ఆ మాట తర్వాత నాకు నిద్ర పట్టలేదు. బలం పూర్తిగా పెడితే పిల్లలు ఏడ్చి మానేస్తారు. తగ్గిస్తే ఇదీ వరస. లెవెల్ 3 పెట్టనా, 5 పెట్టనా అని ఎన్ని రాత్రులు కొట్టుకున్నానో! చివరికి కంప్యూటర్ బలం ముట్టుకోకుండా దాని పావులే తీసేశాను. పాత ల్యాప్‌టాప్‌లలో అదే స్టాక్‌ఫిష్, పూర్తి బలంతో, ఒంటరి రాజుతో ఉంటుంది. పిల్లల దగ్గర రాజు, మంత్రి. సరిగ్గా ఆడితే ఎక్కడ మొదలుపెట్టినా 10 ఎత్తుల్లోపు మేట్, అంటే రాజు తప్పించుకోలేని చెక్, అయిపోవాలి. మంత్రి బదులు ఏనుగుంటే 16. తొందరపడి మంత్రిని మీదికి తోస్తే రాజు మూలకు చేరి, చెక్ లేకుండానే కదలడానికి గడి లేక స్టేల్‌మేట్. గెలిచే ఆట డ్రా! 50 ఎత్తులు లాగినా డ్రాయే. ఇక్కడ ఎవరూ క్వీన్ ఇవ్వరు. ఇది వచ్చాక బంటులతో ఆట, ఆ తర్వాతే పూర్తి బోర్డు. హింట్ బటన్ ఉండదు. ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు, ఎందుకో నోటితో చెప్పాలి.

"ఫుల్ గేమ్ ఆడించకుండా ఒక్క రాజుతో ఏంటండీ, దీనికా ఫీజు?" అని ఒకరు అడిగి, పిల్లాణ్ణి మానిపించేశారు. బాధేసింది. అయినా నా జవాబు మారదు. దీనికే ఫీజు.

నచ్చనివాళ్ళకు మిగిలిన రోజుల డబ్బు వెనక్కిచ్చేస్తాను, మొహమాటపడకుండా అడగండి. ఇంట్లో సాధన చేయించాలంటే లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో బోర్డ్ ఎడిటర్ తెరిచి, రెండు రాజులు, ఒక మంత్రి పెట్టి, కంప్యూటర్‌ను అక్కడి అన్నిటికన్నా బలమైన లెవెల్ 8లో ఉంచండి. అదీ ఉచితమే. ముందు మీరు ఒకసారి ఆడి చూసి, అప్పుడు నాతో గొడవకి రండి.