ఇన్‌స్టాగ్రామ్‌లో చూపిస్తాం, అక్కడ అమ్మం

మా చీరలు కట్టుకునే అందరికీ నమస్కారం.

గత నెలలో మా కొట్టు పేరుతో, మా ఫోటోలతో ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ ఖాతా తెరిచారు. పేరు చివర ఒక అక్షరం తప్ప అంతా మాదే. మా పోస్టుల కింద "ధర ఎంత?" అని అడిగినవాళ్లను ఏరి, విడిగా సందేశాలు పంపారు. పండుగ తగ్గింపు ఉంది, సగం డబ్బు ముందు పంపండి అన్నారు. కొందరు పంపారు. చీర రాకపోయేసరికి మాకు ఫోన్ చేసి తిట్టారు. వాళ్ల కోపం న్యాయమైనదే. ఫిర్యాదు చేశాక ఆ ఖాతా పోయింది గానీ, రేపు ఇంకొకటి పుట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంత గొడవ ఎందుకు, సోషల్ మీడియా మానేయండి అని కొందరు పాత కస్టమర్లు సలహా ఇచ్చారు. ఇంట్లోనూ అదే మాట. మానేయడం లేదు.

ఇదివరకు పోచంపల్లిలో మేము నేయించిన చీరలు హైదరాబాద్ దుకాణాలకు అరువు మీద వెళ్లేవి. అవి అమ్ముడై, దుకాణదారుకు తీరిక దొరికాక మాకు డబ్బు. అప్పటిదాకా మగ్గం మీద కూర్చున్న మనిషికీ, చిటికి కట్టే, అంటే రంగు వేసేముందు నూలుకు కట్లు కట్టే ఆవిడకూ సర్దిచెప్పుకోవాలి. 2020 లాక్‌డౌన్‌లో ఆ దారీ మూసుకుపోయింది. బీరువాల్లో ఉండిపోయిన సరుకు కదిలింది వాట్సాప్‌లో పెట్టిన ఫోటోల వల్లే. ఇప్పుడు డాలస్‌లో ఉన్న అమ్మాయి తన అమ్మమ్మ చీర ఫోటో పంపి అచ్చం అలాంటిదే కావాలంటే, గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి ఆ డిజైన్ మళ్లీ గీయించి, నేయించి పంపుతున్నాం. అడ్వాన్సు చేతికి వస్తోంది కాబట్టి కూలీ ఆలస్యం కావడం లేదు. ఇంత మేలు మాకు ఏ పెద్ద దుకాణమూ చేయలేదు.

అయితే ఫోటోకు తెలియని సంగతులు చాలా ఉన్నాయి. మేము నేయించే ఇక్కత్ చీరల్లో రంగులు నేయకముందే పడతాయి. నూలును కొలతల ప్రకారం గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి, చీర తిరగేసినా రంగు అంతే గాఢంగా ఉంటుంది. మామూలు అచ్చు చీరను తిప్పి చూడండి, వెనక వైపు వెలవెలబోతుంది. ఫోన్ తెర మీద మాత్రం రెండూ ఒకటే! మా ఫోటో చూపించి అచ్చు చీర అంటగట్టేవాళ్లు బతుకుతున్నది ఈ సందులోనే. కొత్త డిజైన్ పెడితే చాలు, మా రెండో చీర మగ్గం దిగేలోపు దాని అచ్చు నకళ్లు బజారులో కనిపిస్తున్నాయి. అందుకని కొత్త డిజైన్లు ముందు మీలో పాతవారికి చూపించి, మొదటి విడత అమ్మాకే బయట పెడతాం.

ఇకపై ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో ఆర్డర్లు తీసుకోం, డబ్బు అడగం. ధర ఫోటో మీదే రాస్తాం. పక్క కొట్టుకు తెలియకూడదని ధర దాచడం ఈ వ్యాపారంలో అలవాటు. ఆ గుట్టే దొంగలకు పనికొస్తోంది, కాబట్టి పక్క కొట్టుకు తెలిస్తే తెలియనివ్వండి. ఆర్డరు మాత్రం మా బిల్లు మీద ఉన్న నంబరుకే ఇవ్వాలి. కొత్తవాళ్లు ఆ నంబరును తమకు తెలిసిన పాత కస్టమర్ల దగ్గర తీసుకుంటే మరీ మంచిది. వీడియో కాల్‌లో చీర రెండు వైపులా చూశాకే డబ్బు పంపండి. పంపేముందు యూపీఐ చూపించే పేరు చదవండి. మా కొట్టు పేరు కాకుండా ఇంకెవరి పేరో కనిపిస్తే ఆగిపోండి. వాపసు ఇస్తామంటూ క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమంటే అది మోసమే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది.

మీరు ప్రేమగా పంపే పెళ్లి ఫోటోలు ఇక అడగకుండా ఎక్కడా పెట్టం. పాతవి తీసేయమంటే తీసేస్తాం.

ఇంకో సంగతి. 2021 అక్టోబర్ 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ గంటల తరబడి ఒకేసారి ఆగిపోయాయి. మూడూ ఒకే సంస్థవి కదా. దసరా ముందు రోజులు, చిరునామాలన్నీ వాట్సాప్‌లోనే! అంతకుముందు ఏడాది టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాన్నే నమ్ముకున్నవాళ్లకు వాళ్ల కస్టమర్లు ఎవరో కూడా తెలియకుండా పోయింది. అందుకే మేము ఆర్డర్లు పుస్తకంలో రాస్తున్నాం. మీ ఫోన్ నంబరు, ఊరు అడిగితే విసుక్కోకండి.

ఈ మార్పులతో అమ్మకాలు కొంత తగ్గుతాయని తెలుసు. రాత్రి పదకొండింటికి చూసి అప్పటికప్పుడు కొనేవాళ్లు పొద్దున ఫోన్ చేసేంత ఓపిక పట్టకపోవచ్చు.

నకిలీ ఖాతాకు డబ్బు పంపినవారికి: ఆ డబ్బు మా చేతికి రాలేదు, తిరిగిచ్చే స్థోమత మాకు లేదు. మీరు కోరుకున్న చీరను మాత్రం మా లాభం వేసుకోకుండా ఇస్తాం. పోలీసులకు మేమిచ్చిన ఫిర్యాదు నకలు కూడా పంపుతాం, మీ ఫిర్యాదుకు జతచేసుకోవచ్చు.