మా అమ్మ పళ్లెం వైపు చూసిన వారికి

అనంతపురంలో మా ఇంటికి ఈ నాలుగు నెలలుగా వచ్చి సాయం చేసిన వారందరికీ నమస్కారం. ఎదురుగా చెప్పబోతే నర్సమ్మ "ఊరుకో అన్నా, మా పనే కదా" అంటూ చెప్పులు వేసుకుని వెళ్లిపోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయవద్దని ఆమె, మరికొందరు కోరారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరికి వారికి తెలిసిపోతుంది.

అమ్మకు 72 ఏళ్లు. సంక్రాంతి తరువాత స్నానాల గదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో మాత్రలు, ఇంజక్షన్లు, కుట్లు విప్పే తేదీ అన్నీ ఉన్నాయి. తిండి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ ఖాళీని బంధువులు, నేను కలిసి పత్యంతో నింపాం. పప్పు తింటే చీము పడుతుందన్నారు, మానేశాం. గుడ్డు వేడి అన్నారు, పెరుగుతో జలుబు చేస్తుందన్నారు, వేరుశనగ పైత్యమన్నారు. చివరికి మిగిలింది మెత్తటి అన్నం, మిరియాల చారు, రెండు బ్రెడ్డు ముక్కలు. మూడు పూటలా ఎంతో శ్రద్ధగా అవే పెట్టాం. నిర్లక్ష్యం చేసినవారు ఒక్కరూ లేరు. అంతా ప్రేమతోనే అమ్మను పస్తు పెట్టాం.

రెండు నెలలు తిరిగేసరికి నడుము కింద పడక పుండు పడింది. రోజు విడిచి రోజు కట్టు మార్చడానికి నర్సమ్మ వచ్చేది. మూడోసారి వచ్చినప్పుడు, పుండు మానడం లేదు, మందు మార్చమని అడిగాను. ఆమె జవాబు చెప్పకుండా వంటగదిలోకి వెళ్లి, అమ్మ వదిలేసిన పళ్లెం చూసి వచ్చింది. "ఈ నాలుగు ముద్దలతో అవ్వ కొత్త చర్మం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది అన్నా?" అంది.

ఆ రోజే కొలతలు తీసింది. అమ్మ నిలబడలేదు కనుక ముందు నన్ను ఒక్కడినే తూకం యంత్రం మీద నిలబెట్టింది: 68 కిలోలు. తరువాత అమ్మను ఎత్తుకుని నిలబడమంది: 109. అంటే అమ్మ 41 కిలోలు. ఆసుపత్రిలో చేరిన రోజు చీటీలో 49 ఉంది. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు, ఆరో వంతు మనిషి కరిగిపోయింది. అమ్మను ఎత్తుకున్న నాకే తెలియలేదు, తేలికగా ఉందని సంతోషించాను కూడా. మోచేయి నుంచి మణికట్టు దాకా కొలిచి ఎత్తును అంచనా కట్టింది, దర్జీ టేపుతో పై చేయి చుట్టుకొలత తీసింది: 20 సెంటీమీటర్లు. పెద్దవాళ్లలో పోషకాహార లోపాన్ని పసిగట్టడానికి బ్రిటన్‌లో 2003లో తయారైన 'మస్ట్' అనే పద్ధతి ప్రకారం, మూడు నుంచి ఆరు నెలల్లో మనం కోరకుండానే పదో వంతుకు మించి బరువు తగ్గితే అది పెద్ద ప్రమాద సూచన అట. ఎత్తుకు తగిన బరువు సూచిక (బీఎంఐ) 18.5 కంటే తక్కువ ఉన్నా అంతే. అమ్మకు అది 18 కూడా లేదు. పెద్దవాళ్లకు పోషకాహార లోపమేమిటి, అది పసిపిల్లల జబ్బు కదా అనుకునేవాడిని.

తరువాత నన్ను గది బయటికి పంపి అమ్మతో చాలాసేపు మాట్లాడింది. వరండాలోకి వచ్చి మెల్లగా చెప్పింది: "అవ్వకు ఆకలి ఉంది. కానీ తింటే, నీళ్లు తాగితే మలమూత్రాలకు పోవాల్సి వస్తుంది. మంచంలోనే కొడుకు చేత బెడ్‌పాన్ పెట్టించుకోవడం ఆమె వల్ల కావడం లేదు." నా భార్య ఉద్యోగం హిందూపురంలో, ఆదివారమే వస్తుంది. మిగతా ఆరు రోజులూ అమ్మ నా ఎదుట సిగ్గుపడి కడుపు మాడ్చుకుంది. ఈ ఒక్క మాట కనిపెట్టి చెప్పినందుకు నేను ఆ తల్లికి జన్మంతా రుణపడి ఉంటాను.

మరునాటి నుంచి పక్కింటి చిన్నమ్మ పొద్దున, సాయంత్రం వచ్చి అమ్మను చూసుకుంది. బెడ్‌పాన్ మానేసి, మంచం దగ్గరే కమోడు కుర్చీ వేశాం. అమ్మ మళ్లీ నీళ్లు అడగడం మొదలుపెట్టింది. చిన్నమ్మా, నీకు సొంత ఇంట్లో ఎంత చాకిరి ఉందో నాకు తెలుసు.

నర్సమ్మ పిలిపించిన డైటీషియన్ ఆదివారం సెలవు మానుకుని వచ్చారు. నేను అప్పటికే గుడ్లు, పాలు, నెయ్యి అన్నీ కొని ఒకేసారి తినిపించడానికి సిద్ధంగా ఉన్నాను. ఆగమన్నారు. వారాల తరబడి సరిగా తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండెకే ముప్పు రావచ్చట. డాక్టరు గారితో మాట్లాడి రక్త పరీక్ష చేయించి, బి1 విటమిన్ మాత్రలు మొదలుపెట్టించి, కొద్దికొద్దిగా పెంచారు. ఇలాంటి స్థితిలో ఉన్న పెద్దవాళ్లను ఇంట్లో చూసుకుంటున్నవారు ఇది ఒక్కటి మాత్రం తప్పక గుర్తుంచుకోండి.

ఖరీదైన పొడి డబ్బాల జోలికి వెళ్లలేదు ఆయన. మన వంటింటినే వాడుకున్నారు. పుండు మానాలంటే కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే అమ్మకు సుమారు 50 నుంచి 60 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాములు. వంద గ్రాముల వేరుశనగలో పాతిక. తరతరాలుగా వేరుశనగ పండించిన జిల్లాలో కూర్చుని అదే అమ్మకు దూరం చేశాం! రాగి జావను పాలలో కాచి రెండు చెంచాల వేరుశనగ పొడి కలపడం, ఉగ్గానిలో పప్పుల పొడి రెండింతలు వేయడం, చిన్న సంగటి ముద్దకు గట్టి పప్పు, పైన నెయ్యి. మూడు పూటలను ఆరు పూటలు చేశారు. ముందు పప్పు, గుడ్డు. చారు చివర్లో, ఎందుకంటే ముందే చారు పోస్తే కడుపు నీళ్లతో నిండిపోతుంది. ఏం పెట్టామో కాకుండా ఎంత మిగిలిందో పుస్తకంలో రాయమన్నారు. ఆ పుస్తకం చూసే అసలు సంగతి బయటపడింది: గట్టి పదార్థం పెట్టినప్పుడల్లా సగం మిగులుతోంది. చిక్కిపోవడంతో కట్టుడు పళ్లు వదులై చిగుళ్లు ఒరుసుకుపోయాయి. పళ్ల డాక్టరు గారు క్లినిక్ మూసే వేళ ఇంటికే వచ్చి వాటిని సరిచేశారు, సామాను ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు.

పాతూరు నుంచి ఆటోలో వచ్చి అమ్మతో కలిసి మధ్యాహ్నం భోంచేసిన భజన బృందం అమ్మలకూ దండాలు. మీరు వచ్చిన రోజుల్లో పుస్తకంలో 'ఏమీ మిగల్లేదు' అని ఉంది.

నిన్న తూచాం. ఈసారి ఎత్తుకునే పని లేకుండా, అమ్మే వాకర్ పట్టుకుని యంత్రం ఎక్కింది: 45 కిలోల 600. పుండు మూడో నెలలోనే పూడిపోయింది. చర్మం ఇంకా పలుచగా ఉంది, నర్సమ్మ పదిహేను రోజులకొకసారి వచ్చి చూస్తోంది.

గాలి పరుపు, కమోడు కుర్చీ ఇప్పుడు మాకు అవసరం లేదు. రెండూ శుభ్రం చేసి ఉంచాను. అనంతపురం చుట్టుపక్కల ఎవరింట్లోనైనా మంచం పట్టిన పెద్దవారు ఉంటే ఒక్క మాట చెప్పండి, నేనే తెచ్చి ఇస్తాను. తూకం యంత్రం, దర్జీ టేపు కూడా వెంట తెస్తాను.