మన ప్రార్థన సహవాసం వార్షిక నివేదిక, 2024–25

ప్రభువునందు ప్రియమైన సభ్యులందరికీ వందనాలు.

జనరల్ బాడీలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది మన నియమం కాబట్టి రాస్తున్నాను. నిరుడు నా రెండు పేజీలు విని ఒక పెద్దాయన "ఎవరు వండారో చెప్పావుగానీ మనం ఏం చేశామో చెప్పలేదు" అన్నారు. ఈసారి రెండూ చెప్తాను. ముందు వండినవాళ్ళ సంగతే. ప్రతి శుక్రవారం మేడ మీద రేకుల గది ఊడ్చి చాపలు పరిచి ఉంచిన మలక్‌పేట కుటుంబానికి, పన్నెండు నెలలూ ఉపవాస ప్రార్థన ముగిసే వేళకు ఉప్మా అందించిన స్త్రీల సమాజానికి, కీబోర్డును స్కూటీ మీద కట్టుకుని సైదాబాద్ నుంచి తెచ్చిన తమ్ముడికి, వర్షం పడ్డా రాక మానని పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి మన కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే క్షమించండి. మరిచిపోయే ఉంటాను.

మనవుల పెట్టెలో ఈ ఏడాది పడ్డ చీటీల్లో ఎక్కువ భాగం ఎప్పటిలాంటివే: ఉద్యోగం, ఈఎంఐ, తాగుడు మానని భర్త, సంబంధాలు కుదరని అమ్మాయి, వీసా. ఒక చీటీ మాత్రం ఇంటర్ హాల్‌టికెట్ జిరాక్స్ వెనక రాసి ఉంది. ఏప్రిల్ 24న ఫలితాలు వచ్చాయి, పిల్లవాడు ఒక సబ్జెక్టు పోగొట్టుకున్నాడు. తల్లికి టెన్షన్ ఎక్కువైంది, వాడు తలుపేసుకున్నాడు. ఆ రాత్రి మేం ప్రార్థన చేసి వచ్చేయలేదు. మన కుర్రాళ్ళిద్దరు అక్కడే ఉండి, వాడితో తెల్లారేదాకా క్రికెట్ మాట్లాడారు. సప్లిమెంటరీలో పాసయ్యాడు. సాక్ష్యం చెప్పమంటే సిగ్గుపడ్డాడు, మేమూ బలవంతపెట్టలేదు.

ఎన్నికల ప్రార్థన గురించి ఒక్క మాట. మే 13న పోలింగ్ కాబట్టి ముందు శుక్రవారం అధికారుల కోసం విజ్ఞాపన పెట్టాం. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమని తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది. పార్టీ పేరు ఎత్తకూడదన్నది మన నియమం. అయినా ఒక సహోదరుడు కళ్ళు మూసుకుని ప్రభువుకే మేనిఫెస్టో చదివి వినిపించాడు. పేరు చెప్పను, నవ్వుతున్నవాళ్ళకు తెలుసు.

ఇక ఈ ఏడాది మనం చేసిన పెద్ద పని మూసీ ఒడ్డున చేసిన ప్రార్థన. దీని గురించి నాలుగు మాటలు ఎక్కువే రాస్తాను.

సెప్టెంబరు చివర హైదరాబాద్‌లో మూసీ నదిని బాగుచేసే పని కోసం కూల్చబోయే ఒడ్డున ఇళ్ళకు ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. చాదర్‌ఘాట్ వైపు మన సభ్యురాలు ఒక అవ్వ ఉంటుంది. ఆమె ఇంటికీ పడింది. గోడకు నిరుటి క్రిస్మస్ స్టార్ తియ్యకుండా వేలాడుతోంది, దాని కిందే గోడమీద జానెడు అక్షరాలు. రంగు కారి గడప మీద ఆరిపోయి ఉంది. వార్త వాట్సాప్‌లో పెడితే దండం పెట్టే చేతులు లెక్కలేనన్ని వచ్చాయి. రాత్రి తొమ్మిదికి ఆ ఇంటికి వెళ్ళింది అయ్యగారితో కలిపి పదకొండు మందిమి.

వెళ్ళక ముందే మనలో వాదన జరిగింది. నది బాగుపడాలి కదా, ప్రభుత్వ పనికి అడ్డం ఎందుకు అన్నారు కొందరు. నిజమే, ఆ నదితో ఆటలు కాదు. 1908 సెప్టెంబరు 28 వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా చెప్తారు. ఆ తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. కానీ నది సంగతి మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు, అవ్వతో కూర్చునేవాళ్ళు లేరు. మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని యిర్మీయా ప్రవక్త రాసింది ఇళ్ళు పోగొట్టుకుని చెరలోకి పోయినవాళ్ళకే అని అయ్యగారు గుర్తు చేశాక వాదన ఆగింది.

రెండు గదుల ఇల్లు. సామాను సగం మూటలు కట్టి ఉంది, ఫ్రిజ్ తలుపు దగ్గరికి వచ్చేసింది. మేం పాట ఎత్తబోతుంటే అవ్వ ఆపింది. "అయ్యగారూ, ఈ ఇల్లు ఉండాలని అడుగుదమా, ఇచ్చే ఇల్లు మంచిగుండాలని అడుగుదమా? రెండూ అడిగితే దేవుడు నవ్వుతడు గదా." ఎవరికీ మాట రాలేదు. మామూలుగా ఇలాంటప్పుడు "నీ చిత్తమే జరగనిమ్ము" అని ముగించి టీ తాగుతాం. అయ్యగారు పదమూడో కీర్తన తీశారు. ఎన్నాళ్ళు నన్ను మరిచిపోతావని దేవుణ్ణి నిలదీస్తూ మొదలయ్యే కీర్తన అది. ఉన్నవే ఆరు వచనాలు, అందులో నాలుగు మొర. "దావీదు అడిగాడు, నువ్వూ అడుగు అవ్వా" అన్నారు.

అవ్వ అడిగింది. ప్రార్థన అనాలో లెక్క చెప్పడం అనాలో నాకు తెలియదు. చిట్టీ పాడిన డబ్బుతో వేసిన మొదటి గోడ, పాత సామాన్ల కొట్లో కొన్న తలుపు, రేకులు తీసి స్లాబు వేసిన ఎండాకాలం, ముసలాయన పోయిన మూల, అన్నీ ఒక్కొక్కటి ప్రభువుకు చూపించింది. అర గంట పట్టింది. చివర్న "ఇగ నీ ఇష్టం, కానీ నాకైతే బాధైతంది" అని ఊరుకుంది. ఆమెన్ అనడానికి కూడా కాసేపు పట్టింది మాకు. గుమ్మం దగ్గర పక్కింటి ముస్లిం పెద్దాయన నిలబడి ఉన్నాడు, వాళ్ళ గోడకూ అదే గుర్తు. ఆయన ఆమీన్ అన్నాడు. తర్వాత కరెంటు పోయింది. కీబోర్డు లేదు, ఫోన్లో పాటల యాప్ లేదు. అవ్వ పాత కీర్తనలు ఒకదాని తర్వాత ఒకటి చూడకుండా పాడితే మన యవ్వనస్తులు పెదాలు కదిపారు. ఒక్కదానికైనా రెండో చరణం రాలేదు వాళ్ళకి.

తెల్లారి ట్రాలీ ఆటో. మోయడానికి వచ్చినవాళ్ళు నలుగురు. ముందురోజు వాట్సాప్‌లో దండం చేతులు పెట్టినవాళ్ళు ఆ పొద్దున ఆఫీసులకు వెళ్ళారు. తప్పనను, కానీ నాకూ ఆఫీసు ఉంది.

సర్వే సంగతి. నవంబరులో ఇంటింటి కులగణన మొదలైనప్పుడు మన ఇళ్ళలో "మతం" అన్న ప్రశ్న దగ్గర పెద్ద ఇబ్బందే వచ్చింది. ఒక ఇంట్లో తండ్రి క్రిస్టియన్ అని చెప్పబోతుంటే కొడుకు టేబుల్ కింద కాలు తొక్కాడట. కారణం అందరికీ తెలుసు, బయటికి అనం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, మనల్ని చేర్చలేదు. ఇక్కడ ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్ళకు ఉన్నది బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. ఇది చూడమని 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పెంచుతూ వచ్చారు. ఆ వారం పెట్టెలో పేరు లేని చీటీ ఒకటి పడింది: "ప్రభువా, మా పేరు నీ గ్రంథంలో ఒకలా ఉంది, తహసీల్దారు గారి రిజిస్టర్లో ఒకలా ఉంది." ఇన్నేళ్ళుగా ఇలాంటివి "వివిధ అవసరతలు" అని చదివి దాటేశాం. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాం. ఎవరు ఏం రాయించుకున్నారో కమిటీ అడగలేదు, అడగదు. మన లాయరు సిస్టర్ అర పేజీలో చట్టం విడమరిచి రాసి జిరాక్సులు పంచింది, ఆమెకు ప్రత్యేక వందనాలు.

ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మన చాపల మీద మాల, మాదిగ ఇళ్ళ వాళ్ళు రెండు వైపుల వాళ్ళూ కూర్చుంటారు. ఆ శుక్రవారం ఒకరు స్తోత్రం అంటే పక్కవారు ఆమెన్ అనలేదు. ఒక కుటుంబం రెండు వారాలు రాలేదు. అయ్యగారు వాళ్ళింటికి వెళ్ళి భోంచేసి వచ్చారు, వాళ్ళూ వచ్చారు. ఆ విషయం మాత్రం ఇప్పటికీ ఎవరూ ఎత్తడం లేదు.

అపార్ట్‌మెంట్ వినాయకుడి చందా ఇవ్వాలా వద్దా అని ఉప్పల్ జంట అడిగిన ప్రశ్నకు మనం జవాబు చెప్పలేకపోయాం. విగ్రహాలకు పెట్టిన ఆహారం గురించి చెప్పే మొదటి కొరింథీ పత్రికలో ఇటు ఎనిమిదో అధ్యాయం, అటు పదో అధ్యాయం తీసి గంట సేపు వాదించుకున్నాం. ఆ అమ్మాయి చివరికి విసుగొచ్చి, అన్నదానానికి బియ్యం బస్తా ఇచ్చానని తర్వాత వారం చెప్పింది. అదే నాకు నచ్చింది, పెద్దలకు నచ్చలేదు. మణిపూర్ కోసం 2023 మే నుంచి మొదలుపెట్టిన ప్రార్థన ప్రతి వారం సాగుతోంది, ఒక్క వారం కూడా ఆపలేదు.

జమాఖర్చుల కాగితం కోశాధికారి మీ చేతికిచ్చారు. కానుకల కంటే ఖర్చు కొంచెం ఎక్కువైంది, ట్రాలీ కిరాయి, వరద బాధితులకు పంపిన దుప్పట్లే కారణం. ప్రశ్నలుంటే భోజనాల తర్వాత అడగండి.

క్రిస్మస్ క్యారల్స్ అనుమతి కోసం ఒక ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. సార్ లేరు, సార్ మీటింగ్, సార్ లీవు. నాలుగోసారి సంతకం పడింది, అప్పటికి రెండు రాత్రుల క్యారల్స్ అయిపోయాయి. పరామర్శ కమిటీకి పేర్లు ఇచ్చినవారు ఎనిమిది మంది, ఏడాదిలో కనిపించినవారు ముగ్గురు. మిగతా అయిదుగురు ఈసారి పేర్లు ఇవ్వకపోయినా పర్వాలేదు.

నా పదవీకాలం ఈరోజుతో అయిపోయింది. మనవుల పెట్టె తాళం, మినిట్స్ పుస్తకం, చాపలు ఉన్న గది తాళం కొత్త కార్యదర్శికి ఇస్తాను. అవ్వకు వచ్చిన ఫ్లాట్‌లో నెల నెలా మూడో శుక్రవారం ప్రార్థన ఉంటుంది. అయిదో అంతస్తు. లిఫ్ట్ ఉంది, పనిచేసే రోజు మాత్రం ముందే తెలియదు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు చాపలు పట్టుకుని ఏడింటికల్లా కింద గేటు దగ్గర ఉండాలి.

– కార్యదర్శి