టేపు పెట్టి చెయ్యి కొలవడానికి ఏం ఖర్చవుతుంది?

సంపాదకులకు నమస్కారం.

అక్టోబర్ వస్తే కేబీఆర్ పార్కు దగ్గర పింక్ రిబ్బన్ నడకలు, పేపర్ల నిండా రొమ్ము క్యాన్సర్ వ్యాసాలు. మంచిదే, గడ్డను ముందే కనిపెట్టాలన్న సంగతి జనానికి బాగానే ఎక్కింది. ఆపరేషన్ తర్వాత వచ్చే చేతి వాపు గురించే ఎవరూ ఎత్తరు.

చంకలో లింఫు గ్రంథులు తీసేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా కొందరికి చేతిలో నీరు సరిగా దిగక వాపు వస్తుంది. అదే లింఫెడీమా. చంకలో గ్రంథులన్నీ తీసేసిన వాళ్లలో సుమారు 5 మందిలో ఒకరికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే.

మా అక్క ఆపరేషన్ తర్వాత ఎడమ చెయ్యి బరువుగా ఉందనేది, జాకెట్టు పట్టడం లేదని టైలర్ దగ్గర ఆ ఒక్క చేతికే కుట్టు విప్పించుకుంది కూడా. చెకప్‌కి వెళ్లినప్పుడల్లా రక్తం చూశారు, స్కాన్ చూశారు, "అంతా నార్మలే అమ్మా" అన్నారు, చెయ్యి చూసినవాళ్లు మాత్రం లేరు. క్యాన్సరే పోయింది కదా, దీనికి కూడా డాక్టర్ని విసిగించడమెందుకని ఈవిడా ఊరుకుంది (మన ఆడవాళ్ల సంగతి తెలిసిందేగా). రాత్రి పడుకుని లేస్తే తగ్గిపోయే దశలో పట్టుకుంటే కంప్రెషన్ స్లీవు (చేతికి బిగుతుగా తొడిగే సాగే తొడుగు), వ్యాయామంతో చాలావరకు అదుపులో ఉంటుంది. చర్మం గట్టిపడిందా, ఇక జన్మంతా కట్లు, మసాజులు, చిన్న గాయమైనా ఇన్ఫెక్షన్ భయం.

కనిపెట్టడానికి టైలర్ టేపు చాలు. మణికట్టు దగ్గర, మోచేతికి 10 సెంటీమీటర్లు కిందా పైనా, రెండు చేతులూ ఆపరేషన్‌కి ముందే కొలవాలి, ఎందుకంటే కుడిచేతి వాటం వాళ్లకి కుడి చెయ్యి మామూలుగానే కాస్త లావుంటుంది, పాత కొలత లేకపోతే కొత్త కొలతతో తేల్చేదేముంది? తర్వాత చెకప్‌లన్నిటిలో అవే చోట్ల కొలిచి, తేడా 2 సెంటీమీటర్లకు చేరితే, లేదా బరువు, బిగుతు ఉన్నా సరే, వెంటనే ఫిజియోథెరపీకి పంపాలి.

తెలంగాణలో బోదకాలు ఉన్నవాళ్లను గుర్తించి 2018 నుంచి పింఛను ఇస్తున్నారు. కారణం వేరైనా అదీ లింఫు దారి దెబ్బతిని వచ్చే వాపే. ఆ కాలికి దక్కిన పట్టింపు ఈ చేతికెందుకు లేదు?

ఇక్కడ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, కేస్ షీటులో చేతి కొలతలు లేకపోతే బిల్లు ఆపుతామని ఒక్క షరతు పెడితే ఆసుపత్రులు రేపే టేపు కొంటాయి. స్లీవు కూడా ఉచితంగా ఇవ్వాలి, అదీ ఒక్కసారి ఇచ్చి వదిలేయడం కాదు, ఆర్నెల్లకే సాగిపోతుంది కాబట్టి మారుస్తూ ఉండాలి.

- ఒక పాఠకురాలు, హనుమకొండ