చదివిన పిల్లలకూ చప్పట్లు కావాలి

సంపాదకునికి,

ఆటల్లో గెలిచిన పిల్లలను బడిలో వేదికపైకి పిలుస్తారు. మార్కులు తెచ్చుకున్నవారికీ ఆ గౌరవం దక్కుతుంది. మొదటిసారి ఒక కథల పుస్తకాన్ని ఎవరి సాయమూ లేకుండా చివరిదాకా చదివిన పాపకు మాత్రం చప్పట్లు కొట్టేవారు తక్కువ. గుణింతాలు, ఒత్తులు కూడబలుక్కునే దశ దాటి, వాక్యం అర్థమై తనలో తాను నవ్వుకునే దశకు చేరడం చిన్న విషయమా? డిస్లెక్సియా, అంటే అక్షరాలు, పదాలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్న పిల్లలకైతే ఆ ప్రయాణానికి ఏళ్లు పట్టవచ్చు.

అలాగని, ఎవరు ఎక్కువ పుస్తకాలు చదివారన్న లెక్కతో బహుమతులు ఇవ్వడం నాకు నచ్చదు. అది పేజీలు తిప్పేయడమే నేర్పుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు లెప్పర్, గ్రీన్, నిస్బెట్ 1973లో వెల్లడించిన ప్రయోగంలో, బహుమతి ఇస్తామని ముందే చెప్పి బొమ్మలు వేయించిన పిల్లలకు తర్వాత ఆ పనిపైనే ఆసక్తి తగ్గింది. చదవడంలోనూ అదే జరుగుతుందేమోనని నా భయం.

ఏ బిడ్డ ఎక్కడ మొదలై ఎంతదూరం వచ్చిందో ఉపాధ్యాయులకు తెలుసు. దాన్నే మెచ్చుకోవాలి. నచ్చిన పేజీని తరగతి ముందు చదివించి, తర్వాతి పుస్తకాన్ని ఆ బిడ్డనే ఎంచుకోనివ్వాలి. సెప్టెంబరు 8న అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం జరిపే బడులు ఆ రోజే ఇది మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక తల్లి